పౌరసత్వం ఒకరిది, ప్రయాణం ఇంటిల్లిపాదిదీ

భార్యాభర్తల్లో ఒకరికి అమెరికా పౌరసత్వమో బ్రిటిష్ పాస్‌పోర్టో ఉంటే మిగిలిన కుటుంబం వెనకే వెళ్లిపోవచ్చని మన దగ్గర చాలామంది నమ్మకం. సంబంధాలు చూసేటప్పుడు ‘అబ్బాయి సిటిజన్’ అన్న ఒక్క మాటతో సగం విచారణ ముగిసిపోతుంది. చట్టం అంత సూటిగా లేదు. పౌరుడికి తన దేశంలో అడుగుపెట్టే హక్కు ఉంది. తన భార్యతో, భర్తతో, పిల్లలతో కలిసి అక్కడ కాపురం ఉండే హక్కు ఉందా? దీనికి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెబుతోంది. ఒకే దేశం పదేళ్లకొకసారి జవాబు మారుస్తోంది.

ఈ వాదంలో పెద్దగా వినిపించే గొంతులు మూడు. కుటుంబంతో బతకడం పౌరుడి హక్కు అనేది మొదటిది. ఖజానా మీద భారం పడకూడదు, వచ్చినవారు సమాజంలో కలవాలి అనేది రెండోది. పెళ్లి పేరుతో వలస దందా జరుగుతోంది, కాపలా ఉండాలి అనేది మూడోది. ఉద్యోగం, ఇల్లు, ఊరు వదిలి వెళ్లే మనిషి గొంతు వీటిలో సరిగా వినపడదు. అందుకే ఈ ప్రశ్నను మొదటినుంచీ ఒకసారి తిరగేయాల్సి వస్తోంది.

పెళ్లితో పౌరసత్వం పోయిన కాలం

వంద, నూటయాభై ఏళ్ల కిందట ఈ వాదానికి చోటే లేదు. భర్త ఏ దేశస్థుడైతే భార్యా ఆ దేశస్థురాలే. విదేశీయుణ్ణి చేసుకున్న అమెరికన్ మహిళ తన పౌరసత్వం కోల్పోతుందని 1907 నాటి అమెరికా చట్టం రాసింది. 1915లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. 1922లో వచ్చిన కేబుల్ చట్టం చాలామందికి ఊరట ఇచ్చింది గానీ, పౌరసత్వానికి ‘అనర్హులైన’ జాతులవారిని పెళ్లాడిన మహిళలను మినహాయించింది. మరుసటి ఏడే భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే 1931లో చట్టం సవరించేదాకా, భారతీయుణ్ణి చేసుకున్న అమెరికన్ స్త్రీ సొంత దేశంలోనే పరాయిదైపోయేది. బ్రిటన్‌లో పెళ్లి వల్ల మహిళలు జాతీయత పోగొట్టుకునే పద్ధతి 1948 చట్టంతో గానీ పోలేదు.

భార్యకూ భర్తకూ విడివిడి పౌరసత్వాలు వచ్చాకే నేటి ప్రశ్న పుట్టింది: ఒకరి హోదా మరొకరికి ఎంతవరకు దారి తెరవాలి? అమెరికా 1952లో పౌరుల భార్యలనూ భర్తలనూ ఒకే గాటన కట్టి వార్షిక కోటా నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు నేటికీ ఉంది. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు కోసం మన ఇంజినీర్లు పదేళ్లకు పైగా వరుసలో నిలబడుతుంటే, పౌరుడి జీవిత భాగస్వామికి అసలు వరుసే లేదు. కాగితాల పరిశీలనకు పట్టే సమయమే. తెలుగు పెళ్లిళ్ల లెక్కల్లో పౌరసత్వానికి అంత విలువ రావడానికి ఈ తేడాయే పెద్ద కారణం.

బ్రిటన్ చరిత్ర దీనికి భిన్నం. భార్యలను రానిస్తూ భర్తల రాకకు మాత్రం 1969 నుంచి అడ్డంకులు పెడుతూ, సడలిస్తూ, మళ్లీ పెడుతూ వచ్చింది. వచ్చే మగవాళ్లు ఉద్యోగాలు తీసుకుంటారనేది అక్కడి ప్రభుత్వం చెప్పిన కారణం. ముగ్గురు మహిళలు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 1985 మే 28న అబ్దులజీజ్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో, ఇది లింగ వివక్ష అని కోర్టు చెప్పింది. బ్రిటన్ ఏం చేసింది? భర్తలకు తలుపు తెరవలేదు. భర్తలకున్న ఆంక్షలనే భార్యలకూ వర్తింపజేసి సమానత్వం సాధించామంది. మొత్తం చరిత్రలో ఇంత బాధ కలిగించే ఘట్టం మరొకటి లేదు. న్యాయం కోసం గెలిచిన కేసు, ఇంకెందరికో దారి మూసింది.

హక్కు అనే వాదం ఎంతవరకు నిలబడింది?

మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 16వ అధికరణం కుటుంబాన్ని సమాజపు సహజమైన, మౌలికమైన విభాగం అంటుంది. ఈ మాట పట్టుకుని కోర్టులకెక్కినవారికి దక్కింది సగం విజయమే. పైన చెప్పిన 1985 తీర్పే ఇంకో మాట కూడా చెప్పింది: దంపతులు ఏ దేశంలో కాపురం పెట్టాలో ఎంచుకుంటే ఆ ఎంపికను గౌరవించి తీరాల్సిన బాధ్యత ఆ దేశానికి లేదు. అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో మున్యోజ్ కేసులో మరింత కచ్చితంగా మాట్లాడింది. విదేశీ భాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరురాలి ప్రాథమిక హక్కుల్లోకి రాదని 6–3 మెజారిటీతో తేల్చింది. పెళ్లి చేసుకునే హక్కు వేరు, ఆ పెళ్లితో ఫలానా దేశంలో బతికే హక్కు వేరు అన్నది ఆ తీర్పు సారం. కాన్సులేట్ అధికారి ‘కాదు’ అంటే కారణం అడిగే అవకాశం కూడా చాలా స్వల్పం.

తాత్వికులు ఇంత కఠినంగా లేరు. దేశానికి తన సభ్యులను ఎంచుకునే విస్తారమైన అధికారం ఉందని వాదించిన మైకేల్ వాల్జర్ సైతం, 1983 నాటి ‘స్ఫియర్స్ ఆఫ్ జస్టిస్’లో బంధుత్వానికి ప్రత్యేక స్థానం ఇచ్చాడు. జోసెఫ్ కేరెన్స్ 2013లో ‘ది ఎథిక్స్ ఆఫ్ ఇమిగ్రేషన్’లో ఈ ప్రశ్నను సరైన కోణంలోకి తిప్పాడు. లోపలికి రావాలనుకునే పరాయివ్యక్తి కోరికగా దీన్ని చూడకూడదు; ఇప్పటికే లోపలున్న పౌరుడి జీవితానికి సంబంధించిన హక్కుగా చూడాలి అన్నాడు. నా దృష్టిలో ఈ వాదమే బలమైనది. ‘నీ కుటుంబంతో వేరే దేశంలో బతకొచ్చు కదా’ అని సొంత పౌరుడితో అనడం అతణ్ణి సగం వెలివేయడమే. కానీ కేరెన్స్ వాదానికీ ఒక లోటుంది. అది పౌరుడి చుట్టూనే తిరుగుతుంది. వెళ్లే భార్య లేదా భర్త, పౌరుడి హక్కుకు అనుబంధంగా మిగిలిపోతారు.

జీతం ఎంతుంటే కుటుంబం?

ఇప్పటి గొడవంతా ఆదాయం చుట్టూ ముసురుకుంది. బ్రిటన్ 2012 జూలై 9న, భాగస్వామిని తెచ్చుకునే పౌరుడి వార్షికాదాయం కనీసం 18,600 పౌండ్లు ఉండాలని నియమం పెట్టింది. బ్రిటిష్ పౌరసత్వం లేని పిల్లలు వెంట వస్తే ఆ మొత్తం ఇంకా పెరిగేది. 2017లో బ్రిటిష్ సుప్రీంకోర్టు ఆదాయ పరిమితి సూత్రప్రాయంగా చెల్లుతుందంటూనే, పిల్లల ప్రయోజనాన్ని, ఇతర ఆదాయ మార్గాలను నియమాలు సరిగా పట్టించుకోలేదని తప్పుపట్టింది. 2024 ఏప్రిల్‌లో పరిమితి ఒక్కసారిగా 29,000 పౌండ్లకు ఎగిరింది. పిల్లల పేరిట అదనపు మొత్తాలు తీసేశారు. దాన్ని 38,700కు పెంచాలన్న ప్రణాళికను తర్వాతి ప్రభుత్వం ఆపి, వలస సలహా సంఘాన్ని నివేదిక అడిగింది. 2025 జూన్‌లో వచ్చిన ఆ నివేదిక, నైపుణ్య ఉద్యోగుల కోసం రూపొందిన 38,700 అంకెను కుటుంబాలకు తగిలించడం సరికాదని చెప్పింది.

అంకె కంటే లెక్కకట్టే తీరు ఎక్కువ బాధిస్తుంది. తొలి దరఖాస్తులో విదేశీ భాగస్వామి జీతాన్ని పరిగణించరు. హైదరాబాద్‌లో పెద్ద జీతం తీసుకునే డాక్టరమ్మను చేసుకున్న బ్రిటిష్ పౌరుడు లండన్‌లో చిన్న ఉద్యోగం చేస్తుంటే, ఆమె సంపాదనా సామర్థ్యం కాగితం మీద సున్నా. ఉద్యోగం చూపి వెళ్లాలంటే, ఇద్దరూ ఇక్కడే కాపురం ఉండి తిరిగి వెళ్లదలిచినప్పుడు పౌరుడు ఇక్కడి జీతాన్నీ, అక్కడ మూడు నెలల్లో మొదలయ్యే ఉద్యోగాన్నీ, రెండింటినీ ఆ పరిమితి మేరకు చూపాలి. 29,000 పౌండ్లంటే 30 లక్షల రూపాయల పైమాటే. అసలు ఆదాయమే లేకుండా పొదుపు మీద వెళ్లాలంటే 88,500 పౌండ్లు బ్యాంకులో ఆరు నెలలు నిలవుండాలి. బంధువులు హామీ ఉంటామన్నా సాధారణంగా చెల్లదు.

అమెరికా పద్ధతి మెత్తగా కనిపిస్తుంది. 1996 చట్టం ప్రకారం, స్పాన్సర్ ఆదాయం పేదరికపు గీతకు 125 శాతం ఉంటే చాలు. 2025 లెక్కన ఇద్దరికి దాదాపు 26,400 డాలర్లు, నలుగురికి దాదాపు 40,200. తక్కువైతే అమెరికాలో స్థిరపడ్డ మరో పౌరుడో గ్రీన్‌కార్డుదారో ఉమ్మడి స్పాన్సర్‌గా సంతకం చేయొచ్చు. పౌరుడి భాగస్వామి విషయంలో తగ్గిన మొత్తానికి మూడు రెట్ల ఆస్తి చూపినా సరిపోతుంది. అసలు ముడి రెండు చోట్ల ఉంది. మొదటిది నివాసం: పౌరుడు ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటే, అమెరికాలో తన నివాసం ఉందనో, భాగస్వామితో పాటే వెళ్లి మళ్లీ ఏర్పరచుకుంటాననో రుజువు చేయాలి. ఇక్కడి ఉద్యోగం అక్కడికి వెళ్లాక ఆగిపోయేదైతే ఆ జీతం లెక్కకు రాదు. రెండోది ఆ సంతకం బరువు: వచ్చిన భాగస్వామి పౌరసత్వం పొందేదాకా, లేదా 40 త్రైమాసికాల పని లెక్కలో పడేదాకా ఆ బాధ్యత నడుస్తుంది. ఇద్దరిలో ఒకరు మరణిస్తేనో, వచ్చినవారు దేశం శాశ్వతంగా వీడితేనో అది ముగుస్తుంది. విడాకులతో ముగియదు. మన కుటుంబాల్లో మొహమాటానికి సంతకం పెట్టే మేనమామలకు, బాబాయిలకు ఈ చివరి సంగతి ఎవరూ చెప్పరు.

కెనడా, ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టాయి. జీవిత భాగస్వామి విషయంలో కెనడాలో సాధారణంగా కనీస ఆదాయ షరతు లేదు. మూడేళ్ల పోషణ బాధ్యత మాత్రం ఉంటుంది. కెనడా పౌరుడు విదేశంలో ఉండి కూడా, వీసా వచ్చాక కెనడాకు మకాం మారుస్తానని చూపితే స్పాన్సర్ చేయొచ్చు. అక్కడి శాశ్వత నివాసికి ఆ వెసులుబాటు లేదు. ఆస్ట్రేలియాలోనూ ఆదాయ పరిమితి లేదు గానీ, భాగస్వామి వీసా రుసుమే 9,000 ఆస్ట్రేలియన్ డాలర్లు దాటింది. జల్లెడ అక్కడ ఫీజు రూపంలో ఉంది.

పక్కపక్కన పెట్టి చూస్తే, బ్రిటన్ పౌరుడి ప్రస్తుత జీతాన్ని అడుగుతుంది. అమెరికా ఎవరో ఒకరి భవిష్యత్ హామీని అడుగుతుంది. కెనడా పౌరుడి మాట తీసుకుంటుంది. ఆస్ట్రేలియా ముందే డబ్బు తీసుకుంటుంది. ఖజానా రక్షణే ఉద్దేశమైతే అమెరికా, కెనడా పద్ధతులు సరిపోతాయి. వచ్చే మనిషి సంపాదనను లెక్కించనంటూ ఖజానా పేరు చెప్పడం తర్కానికి నిలవదు.

భాష, వయసు, దొడ్డిదారి

ఐరోపాలో చర్చ డబ్బును దాటి ‘కలిసిపోవడం’ వైపు వెళ్లింది. డెన్మార్క్ 2002లో దంపతులిద్దరికీ 24 ఏళ్లు నిండాలంది. ఇద్దరికీ కలిపి మరే దేశంతోనూ లేనంత అనుబంధం డెన్మార్క్‌తో ఉండాలని కూడా కోరింది. ఎందరో డేనిష్ పౌరులు వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మోలో కాపురం పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్లుగా పౌరసత్వం ఉన్నవారికి అనుబంధ షరతు నుంచి ఇచ్చిన మినహాయింపు, జాతి మూలాల ఆధారంగా వివక్ష చూపుతోందని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2016లో తేల్చింది.

నెదర్లాండ్స్ 2006లో, జర్మనీ 2007లో బయల్దేరకముందే భాషా పరీక్ష తెచ్చాయి. బ్రిటన్ 2010లో ప్రాథమిక ఇంగ్లిష్ అడిగింది. జర్మన్ నియమంలో ఒక వింత గమనించాలి. నైపుణ్య ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు మీద వెళ్లే హైదరాబాద్ ఇంజినీర్ భార్యకు ముందస్తు జర్మన్ పరీక్ష అవసరం లేదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్నవాణ్ణి పెళ్లాడిన హైదరాబాద్ అమ్మాయికి సాధారణంగా అవసరం. పౌరుడి కంటే అతిథి ఉద్యోగికే ఎక్కువ సౌకర్యం!

యూరోపియన్ యూనియన్‌లో ఈ తలకిందుల వ్యవహారం చట్టంలోనే ఉంది. ఒక సభ్యదేశపు పౌరుడు మరో సభ్యదేశానికి వెళ్తే కుటుంబాన్ని సులువుగా తీసుకెళ్లవచ్చు; సొంత దేశంలో ఉంటే జాతీయ నియమాల కాఠిన్యం భరించాలి. దీని నుంచి బయటపడే దారి చూపింది ఒక భారతీయుడి కేసే. బ్రిటిష్ మహిళను పెళ్లాడిన సురీందర్ సింగ్ ఆమెతో జర్మనీలో పనిచేసి బ్రిటన్‌కు తిరిగొచ్చాడు. సభ్యదేశంలో పనిచేసి తిరిగొచ్చే పౌరురాలికి యూరోపియన్ చట్ట రక్షణ సొంత దేశంలోనూ వర్తిస్తుందని 1992 జూలై 7న యూరోపియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆ తర్వాత ఎన్నో బ్రిటిష్ జంటలు కొన్నాళ్లు ఐర్లండ్‌లో పనిచేసి ఆ దారినే వెనక్కి వచ్చాయి. బ్రిటన్ యూనియన్ నుంచి వైదొలగాక అక్కడ ఆ దారి కొత్తవారికి మూసుకుపోయింది. మిగతా సభ్యదేశాల్లో సూత్రం సజీవంగానే ఉంది.

అనుమానం మోసే భారం

దొంగ పెళ్లిళ్లు లేవని ఎవరూ అనరు. వాటి పేరుతో నిజమైన దంపతులను ఎంత పిండాలన్నదే ప్రశ్న. 1979లో లండన్ హీత్రో విమానాశ్రయంలో పెళ్లి కోసం వచ్చిన భారతీయ మహిళకు కన్యత్వ పరీక్ష జరిపిన సంగతి బయటపడి ప్రపంచం నివ్వెరపోయింది. 1980ల్లో బ్రిటన్ అమలుచేసిన నియమం ప్రకారం, పెళ్లి ముఖ్యోద్దేశం వలస కాదని దరఖాస్తుదారే రుజువు చేయాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో పెళ్లికి ముందు ప్రేమ రుజువు ఎక్కడ తెస్తారు? దెబ్బ ఎక్కువగా తగిలింది భారత ఉపఖండపు కుటుంబాలకే. 1997లో ఆ నియమం రద్దయింది.

అమెరికాలో 30 శాతం పెళ్లిళ్లు బూటకమన్న అధికారుల వాంగ్మూలం నేపథ్యంలో 1986 చట్టం వచ్చింది. ఆ అంకె వెనక ఉన్న సర్వే నమ్మదగింది కాదని తర్వాత తేలినా చట్టం నిలిచింది. పెళ్లై రెండేళ్లు నిండకుండా వెళ్లినవారికి రెండేళ్ల షరతులతో కూడిన కార్డే వస్తుంది. గడువు ముగిసే ముందు దంపతులిద్దరూ కలిసి షరతుల తొలగింపు కోరాలి. ఆ ‘కలిసి’ అన్న మాటలోనే ప్రమాదమంతా ఉంది. హింసించే భర్త చేతిలో సంతకం అనే ఆయుధం పడుతుంది. దీన్ని గుర్తించే ఉమ్మడి సంతకం అక్కర్లేని మినహాయింపులు వచ్చాయి. 1994లో హింసకు గురైనవారు సొంతంగా పిటిషన్ వేసే వీలూ వచ్చింది. కెనడా 2012లో ఇలాంటి రెండేళ్ల షరతు పెట్టి, బాధితులు హింసాత్మక బంధాల్లో చిక్కుకుపోతున్నారన్న కారణంతో 2017లో ఎత్తేసింది. మోసాన్ని విడిగా విచారించవచ్చని కెనడా నిర్ణయించుకుంది. ఈ విషయంలో అనుసరించదగ్గది కెనడా అనుభవమే.

పిల్లలు

పిల్లల విషయంలో కుటుంబాలు ఎక్కువగా తడబడతాయి. అమెరికా పౌరుడు వేసే పిటిషన్ భార్య ఒక్కదానికే పనిచేస్తుంది. పిల్లలు అందులో కలవరు, ఒక్కొక్కరికీ వేరే పిటిషన్ కావాలి. గ్రీన్‌కార్డుదారు వేసిన పిటిషన్‌లో పిల్లలు కలిసే ఉంటారు. దాంతో మధ్యలో తండ్రికి పౌరసత్వం వస్తే భార్య కేసు త్వరపడుతుంది, పిల్లలు జాబితా నుంచి జారిపోతారు. సవతి పిల్లలైతే వారికి 18 నిండకముందే ఆ పెళ్లి జరిగి ఉండాలి.

పెళ్లయిన దంపతులకు విదేశంలో పుట్టిన బిడ్డకు పుట్టుకతో అమెరికా పౌరసత్వం రావాలంటే, తల్లిదండ్రుల్లో ఒక్కరే పౌరులైనప్పుడు, ఆ ఒక్కరూ బిడ్డ పుట్టకముందు ఐదేళ్లు, అందులో రెండేళ్లు తమ 14వ ఏడు దాటాక, అమెరికాలో గడిపి ఉండాలి. అలా రాకపోయినా, 18 లోపు గ్రీన్‌కార్డుతో వెళ్లి పౌరుడైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో నివసిస్తే 2000 నాటి చట్టం కింద పౌరసత్వం దానంతటదే వస్తుంది. కెనడాలో ఇంకో ప్రమాదం: తొలి దరఖాస్తులో చూపని బిడ్డను తర్వాత స్పాన్సర్ చేయడం సాధారణంగా కుదరదు.

ఇటువైపు చట్టం

భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. వెళ్లిన భార్య మూడేళ్లకు అమెరికా పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు అప్పగించాల్సిందే. 2005లో వచ్చిన ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు జీవితకాలపు వీసా ఇస్తుంది. ఓటు ఇవ్వదు, సాగుభూమి కొనుక్కోనివ్వదు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చే పొలం వారసత్వం కిందికి రాదు గనుక, పౌరసత్వం మార్చుకునే ముందే న్యాయవాదిని అడగడం మంచిది.

సంసారం చెడితే ఏ దేశపు చట్టం? దీని మీద దిక్సూచి లాంటి తీర్పు మన నేల నుంచే వచ్చింది. తిరుపతిలో 1975లో జరిగిన పెళ్లిని భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టులో రద్దు చేయించుకోగా, 1991లో వై. నరసింహారావు కేసులో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీ చెల్లదంది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణంతో ఇచ్చిన విడాకులే సాధారణంగా చెల్లుతాయని చెప్పింది. పిల్లల సంగతి ఇంత స్పష్టంగా లేదు. ఒక దేశం నుంచి తల్లి లేదా తండ్రి ఏకపక్షంగా తెచ్చేసిన పిల్లలపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. చేరితే హింస నుంచి పారిపోయి వచ్చిన తల్లులు బిడ్డలను పోగొట్టుకుంటారని ఒక పక్షం, చేరకపోతే బిడ్డ శాశ్వతంగా ఒకరికి దూరమవుతాడని మరో పక్షం. రెండు వాదాల్లోనూ నిజం ఉంది, ఇది తేలలేదు.

తేలాల్సినవి ఇంకా ఉన్నాయి. ఇంటి నుంచే పనిచేస్తూ ఏ దేశంలోనైనా కొనసాగే జీతాన్ని పాత ఆదాయ నియమాలు ఎలా చూడాలి? దశాబ్దంగా బయటే ఉన్న పౌరుడి ‘నివాసం’ ఎప్పుడు చెదిరినట్టు? వృద్ధ తల్లిదండ్రులు కుటుంబం కిందికి వస్తారా? అమెరికాలో పౌరుడి తల్లిదండ్రులకు కోటా అడ్డు లేదు. బ్రిటన్‌లో ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

నా తీర్పు ఇది. ఏ దేశం తలుపు ఎంత తేలిగ్గా తెరుస్తుందన్నది రెండో ప్రశ్న. లోపలికి వెళ్లిన మనిషి హోదా ఎంత త్వరగా తన సొంతమవుతుందన్నది మొదటిది. ఈ కొలతతో కెనడా ముందుంది, బ్రిటన్ వెనకబడింది. మన దేశమూ చేయాల్సింది చేయలేదు. ప్రవాస భారతీయుల పెళ్లిళ్లను 30 రోజుల్లో నమోదు చేయించే బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభకు వచ్చింది. లా కమిషన్ 2024లో తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కోరింది. చట్టం ఇంకా రాలేదు. అంతవరకు వెళ్లేవారు తమ జాగ్రత్త తామే చూసుకోవాలి. పెళ్లిని ఇక్కడ నమోదు చేయించండి. పిటిషన్, స్పాన్సర్ హామీపత్రం, పిల్లల జనన పత్రాలు, అన్నిటి నకళ్లూ మీ పేరున, మీ దగ్గర, ఇద్దరికీ ఉమ్మడిగా లేని చోట ఉంచుకోండి. ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా వీసా చేతికొచ్చాకే ఇవ్వండి.